రూకమీది రూపము

ధ్యానభాగములు: మార్కు 12:13–17, 41–44, 1 కొరింథీయులకు 8వ అధ్యాయము



ఇటీవల ఒక విశ్వాసి యింట ప్రార్థనకూటము ముగిసిన పిమ్మట జరిగిన సంగతి ఈ నెల ధ్యానమునకు కారణమైనది. ఆ గృహస్థుడు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దాయన. పురాతన రోమా నాణెములను సేకరించుట ఆయనకు చాలకాలపు అలవాటు. ఫలహారమైన తరువాత ఆయన ఒక చెక్కపెట్టె తెచ్చి మా యెదుట తెరచెను. నల్లని మఖమలు గుడ్డమీద నాణెములు వరుసగా పేర్చియున్నవి. ఒకదానిమీద ఇద్దరు పసిబిడ్డలకు పాలిచ్చుచున్న తోడేలు, ఒకదానిమీద గదపై ఆనుకొని నిలిచిన హెర్క్యులిస్, మరియొకదానిమీద సింహాసనాసీనుడైన జూపిటర్. మన బైబిలులో ద్యుపతి అను పేరుతో కనబడువాడు ఈ జూపిటరే.

ఆ సంవత్సరమే బాప్తిస్మము పొందిన ఒక సహోదరి వాటిని చాలసేపు చూచి, “మాష్టారూ, బాప్తిస్మానికి ముందు మా యింట్లో పటాలన్నీ తీసెయ్యమని మీరే గదా చెప్పారు. మరి ఈ దేవుళ్లను మీరు మఖమల్ గుడ్డలో పెట్టుకున్నారేమిటండీ?” అని అడిగెను.

ఆయన నవ్వి, “ఇవి దేవుళ్లు కావమ్మా, నాణేలు. వీళ్లకు మొక్కేవాళ్లు పోయి ఎన్నో వందల ఏళ్లయింది” అనెను. ఆమె నవ్వలేదు. అందరును మావైపు చూచిరి. మాకు వెంటనే మాట రాలేదు, ఆలోచించి చెప్పెదమంటిమి. ఆ ఆలోచనయే ఈ వ్యాసము.

1. ప్రభువు ఎదుటికి వచ్చిన రూక

పన్ను విషయమై తన్ను చిక్కించుకొనవలెనని వచ్చినవారితో, ఒక దేనారము తెచ్చి చూపుమని ప్రభువు చెప్పెను. ఆ రూక తిబెరి కైసరుదని సాధారణముగా ఎంచుదురు. అట్టి నాణెములు నేటికిని అనేక వస్తుప్రదర్శనశాలలలో కలవు. అది నాలుగు గ్రాములకు కొంచెము తక్కువ బరువుగల చిన్న వెండి బిళ్ల. కూలివాని ఒక దినపు కూలి. ఒక ప్రక్క కైసరు తల, చుట్టును అతడు దైవత్వము పొందిన ఔగుస్తు కుమారుడను లాటిను పైవ్రాత. రెండవ ప్రక్క రాజదండమును కొమ్మను పట్టుకొని కూర్చున్న స్త్రీరూపము, దానితో ప్రధాన యాజకుడను బిరుదు. ఆ స్త్రీ శాంతిదేవతయనియు, కైసరు తల్లియైన లివియాను ఆ రూపమున చూపిరనియు పలువురు పండితులు చెప్పుదురు.

ప్రియులారా, ఆ దృశ్యమును మనస్సునకు తెచ్చుకొనుడి. దేవుని నిజమైన కుమారుడును నిజమైన ప్రధాన యాజకుడునైన వాని ఎదుట, ఆ రెండు బిరుదులను దొంగిలించిన ఒక రాజు రూక ఉన్నది. ప్రభువు దానిని నేలకు కొట్టలేదు, దానిని చూచి భయపడలేదు. దానిమీద ఎవరి రూపమున్నదని మాత్రమే అడిగి, కైసరుది కైసరుకు పోనిచ్చి, దేవునిది దేవునికి చెల్లింపుమనెను. ఇంకొక సంగతి. ఆ రూక ప్రభువునొద్ద లేదు, వారే తెచ్చిరి. ఆయనను నిందింప వచ్చినవారికి అది సులభముగానే దొరికెను.

దేవాలయపు కానుకల సంగతి ఇంకను ఆశ్చర్యకరము. యూదులు దేవాలయమునకు ఏటేట చెల్లించు అరషెకెలును తూరు పట్టణపు వెండి నాణెములతో చెల్లించుట ఆ కాలపు వాడుక. ఆ వెండి మిక్కిలి శుద్ధమైనది. అయితే దాని ముఖముపై ఉన్నది తూరువారి దేవుడైన మెల్కార్తు తల, వెనుక ఒక గ్రద్ద. ఆహాబు దినములలో యెజెబెలు ఇశ్రాయేలులోనికి తెచ్చిన బయలు ఇతడేయని అనేకుల అభిప్రాయము. ఏలీయా ఎవనికి విరోధముగా కర్మెలు కొండమీద నిలిచెనో వాని ముఖమే యెహోవా మందిరపు పెట్టెలో పడుచుండెను!

మార్కు సువార్త 12వ అధ్యాయము కైసరు రూకతో ప్రారంభమైన ఈ పాఠమును విధవరాలి రెండు కాసులతో ముగించుచున్నది. ఆ కాసులు యూదరాజులు పోయించిన చిన్న రాగి నాణెములని పండితులు తలంచుదురు. వాటిమీద మనుష్యుని తలగాని దేవతారూపముగాని ఉండదు. ఓడలంగరు, నక్షత్రము వంటి గురుతులే ఉండును. ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చుండి చూచెను. ఆయన చూచినది రూకలమీది బొమ్మలను కాదు, వేయు చేతులను. ఆమె తన జీవనమంతయు వేసినదనియు, ఇతరులు మిగిలినదానిలోనుండి వేసిరనియు ఆయన కనిపెట్టెను.

2. అపొస్తలుల సంచిలోని దేవతలు

రోమా ప్రపంచములో దేవతారూపమును ముట్టకుండ ఒక రొట్టెనైనను కొనుట కష్టము. క్రీస్తుకు పూర్వము 211 ప్రాంతమున మొదటి దేనారములు ముద్రించినప్పుడే వాటి వెనుక గుఱ్ఱములపై పరుగెత్తు కవల సోదరులైన కాస్టర్, పోలక్స్ ఉండిరి. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో పౌలు మెలితే ద్వీపమునుండి ఎక్కిన ఓడకు ఉన్నది ఈ కవలల గురుతే; మన అనువాదకులు దానిని అశ్వినీ చిహ్నమని వ్రాసిరి. పౌలు ఆ చిహ్నమును చూచి ఓడ దిగిపోలేదు. దానిలోనే రోమాకు సువార్త మోసికొనిపోయెను.

ఎఫెసును చూడుడి. క్లౌదియ చక్రవర్తి కాలములో ముద్రించిన పెద్ద వెండి నాణెములపై ఎఫెసీయుల అర్తెమిదేవి విగ్రహము నిలిచియున్నది. కొన్నింటిమీద ఆమె గుడియు కలదు. పౌలు ఆ పట్టణమునకు వచ్చునప్పటికి ఆ నాణెములు చెలామణిలోనున్నవి. కంసాలియైన దేమేత్రియ తన జీవనమునకు హాని కలుగుచున్నదని గొప్ప అల్లరి లేపెను గాని, పౌలు విశ్వాసుల సంచులు వెదకి అర్తెమి బొమ్మగల రూకలను పారవేయించినట్టు ఎక్కడను వ్రాయబడలేదు. యెరూషలేములోని బీద పరిశుద్ధులకొరకు కొరింథులోను మాసిదోనియలోను చందా పోగుచేసినప్పుడు, ఆ చందాలో దేవతల ముఖములుగల రూకలు లేకుండునా? ఆ రూకలే ఆకలిగొన్నవారికి రొట్టెలాయెను. విగ్రహము వట్టిదని పౌలు కొరింథీయులకు వ్రాసినది ఇట్టి రూకలను లెక్కపెట్టిన చేతితోనే.

కాబట్టి మొదటి మాట ఇది. పంతులుగారు చెప్పినది అబద్ధము కాదు. లోహముపైని బొమ్మకు మనలను చెరుపు శక్తి లేదు. జ్ఞానముతో చూచువానికి ఈ నాణెములు వాక్యమునకు దీపమువలె ఉపకరించును. దొమితియాను చక్రవర్తి చిన్నతనముననే చనిపోయిన తన కుమారుని దేవునిగా ప్రకటించి, బంగారు వెండి నాణెములపై ఆ బిడ్డను భూగోళముమీద కూర్చుండబెట్టి చుట్టును ఏడు నక్షత్రములు ముద్రింపించెను. యోహాను పత్మాసు ద్వీపమున దర్శనము చూచినది ఈ చక్రవర్తి దినములలోనేయని ప్రాచీన సంఘపు సాక్ష్యము. ప్రకటన 1వ అధ్యాయములో ఏడు నక్షత్రములు ఎవని కుడిచేతిలోనున్నవో చదువుడి. ఆ తండ్రి బిడ్డ చుట్టు నక్షత్రములను చెక్కింపగలిగెను గాని బిడ్డను లేపలేకపోయెను. మన ప్రభువైతే మృతుడై మరల సజీవుడైనవాడు. ఆ చిన్న నాణెమును చూచినవాడు ఆ అధ్యాయమును మునుపటివలె చదువలేడు.

3. లోపలి వెండి పోయినప్పుడు

అయినను మన సహోదరి ప్రశ్నకు ఇంతటితో జవాబు రాలేదు. నాణెముల చరిత్రయే మనలను ఇంకొంచెము లోతునకు తీసికొనిపోవుచున్నది.

నీరో 64వ సంవత్సరమున దేనారము బరువును తగ్గించి, వెండిలో రాగిని కలిపించెను. తరువాతి రాజులు యుద్ధముల ఖర్చులకు తాళలేక కల్తీని పెంచుచు వచ్చిరి. గాలియేను చక్రవర్తి ఒంటరిగా ఏలిన 260–268 సంవత్సరముల చివరకు రోమా “వెండి” నాణెములో నూటికి అయిదు పాళ్లు వెండియైనను లేదు. రాగిబిళ్లకు పైన వెండిపూత మాత్రమే. ఆ చివరి దినములలోనే ఆ రాజు జూపిటర్‌, అపొల్లో, డయానా, నెప్ట్యూన్‌, సూర్యుడు మొదలైన దేవతలను తన రక్షకులుగా పేర్కొని, వారికి చెందిన లేడి, నరాశ్వము, సముద్రపు గుఱ్ఱము మొదలగు జంతువుల బొమ్మలతో నాణెములను వరుసగా విడుదల చేసెను. నాణెములు సేకరించువారు వీటిని ఎంతో ముచ్చటతో వెదకుదురు. తన తండ్రి సంఘముపై తెచ్చిన హింసను మాన్పించినవాడు కూడ ఈ గాలియేనే. ఆ మేలును మనము మరువరాదు. కాని ఇన్ని దేవతల పేర్లు చెక్కించినను, 268లో అతని సేనానులే అతనిని చంపిరి. వెండి తగ్గినకొలది బొమ్మలు హెచ్చినవి.

ఇది అన్యుల సంగతియని మనము తృప్తిపడవలదు. కాన్‌స్టంటైను చక్రవర్తి 312 తరువాత క్రైస్తవులను ఆదరించినను, అతని నాణెములపై సూర్యదేవుడు ఇంకను పండ్రెండు పదమూడేండ్లు నిలిచెను. పంతులుగారి పెట్టెలోని తోడేలు నాణెమును 330 ప్రాంతమునుండి ముద్రింపించినదియు ఆ చక్రవర్తియే. రెక్కలుగల విజయదేవత రెండు వందల యేండ్లు క్రైస్తవ రాజుల నాణెములపై ఉండి, 6వ శతాబ్దములో సిలువ పట్టిన దేవదూతగా మారెను.

తుదకు 692 ప్రాంతమున కాన్‌స్టాంటినోపిలులో రెండవ జస్టీనియను చక్రవర్తి చేయించిన బంగారు నాణెముపై క్రీస్తు ముఖమే వచ్చెను. రాజు తన్ను వెనుకప్రక్కకు మార్చుకొని, క్రీస్తు దాసుడని తన పేరునొద్ద వ్రాయించుకొనెను. ఎంత చక్కని పైవ్రాత! కాని ఆ రాజు ప్రజలను పీడించెను. 695లో వారు తిరుగబడి అతని ముక్కు కోసి వెళ్లగొట్టిరి. పదియేండ్లకు మరల సింహాసనమెక్కి, అతడు శత్రువులను చంపించెను. సంఘాధిపతియగు పాట్రియార్కు కన్నులు తీయించెను. అప్పుడు కూడ అతని నాణెములపై క్రీస్తు ముఖమున్నది.

ఈ రెండు సంచులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. పౌలు సంచిలోని రూకలపై అన్యదేవతలున్నారు. ఆ చేతులు పరిశుద్ధముగానున్నవి. జస్టీనియను సంచిలోని రూకలపై క్రీస్తు ఉన్నాడు. ఆ చేతులు రక్తముతో నిండినవి. రూకమీది రూపము మనిషిని చెరుపలేదు, మనిషిని రక్షింపనులేదు. మన గోడమీది వాక్యపటములను, మెడలోని సిలువను, బండి అద్దముపై అంటించిన వచనమును చూచుకొని నెమ్మదిపడు మనకు ఇది హెచ్చరిక కాదా?

4. దాచుకొన్నది ఎక్కడనున్నదో

రెండు వారములకు పంతులుగారు మా యింటికి వచ్చిరి. ఆయన సెలవుతోనే ఈ మాట వ్రాయుచున్నాము. ఆ రాత్రినుండి తనకు నిద్ర సరిగా లేదనియు, కారణము దేవతలు కాదనియు ఆయన చెప్పెను. నాణెములు కొన్న ధరలను వ్రాసికొను పుస్తకము ఆయనకు ఒకటి కలదు. దానిని త్రిప్పుచుండగా ఒక నెల కంటపడినదట. ఆ నెలలోనే ఆ సహోదరి భర్త ఆసుపత్రిలోనుండగా సంఘము ఆమెకొరకు సహాయము పోగుచేసెను. అప్పుడు ఆయన రెండు వందల రూపాయలిచ్చి, “ఇంతకు మించి వీలు కాలేదు” అని కోశాధికారితో చెప్పెను. అదే నెల తొమ్మిది వేలకు ఒక వెండి నాణెము కొనెను.

“ఆ అమ్మాయికి ఈ సంగతి తెలియదు. తెలియకుండానే సరిగ్గా అక్కడే వేలు పెట్టింది” అని ఆయన తల వంచుకొనెను. మేమును తల వంచుకొంటిమి. మా అలమారలో నాణెములు లేవు గాని, చదువకుండ కొని పెట్టిన పుస్తకములు రెండు వరుసలు కలవు.

ప్రియులారా, విగ్రహము వట్టిదని చెప్పిన పౌలే ధనాపేక్షను విగ్రహారాధన అనెను (కొలొస్సయులకు 3:5). జూపిటరునకు నేడు మ్రొక్కువారు లేకపోవచ్చును. అయితే జూపిటరు బొమ్మగల వెండిబిళ్లకొరకు ఒకడు తన సహోదరుని ఆకలిని మరచినయెడల, ఆ గుడి కూలిపోలేదు. మఖమలు గుడ్డమీదికి మారినది. నాణెములను ఆశించినను, నగలను, భూములను, బ్యాంకు లెక్కను ఆశించినను సంగతి ఒక్కటే.

మన నేలయే దీనికి సాక్షి. కైసరుల కాలములో ఓడలు మిరియములకును సన్నని నూలుబట్టలకును ముత్యములకును వచ్చి, వెండి బంగారములు దింపి వెళ్లినవి. మన దేశమునకు ఏటేట అయిదు కోట్ల సెస్టర్సు నాణెముల విలువ పోవుచున్నదని ప్లినీ అను రోమా గ్రంథకర్త సణిగెను. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1500కు పైగా రోమా వెండి దేనారములు భూమిలో దొరికినవి. వాటిలో ఎక్కువ భాగము ఔగుస్తు, తిబెరి కైసరులవి, అనగా మన ప్రభువు శరీరధారియై సంచరించిన దినములవి. 1932లో నంద్యాలలో రోమా బంగారు నాణెములు బయటపడినవి. ఆంధ్రదేశమున దొరికిన బంగారు నాణెములలో కొన్నింటికి కైసరు తలపైన రెండేసి రంధ్రములు కలవు. మన స్త్రీలు నేడు కాసులపేరు ధరించినట్టే ఆనాటివారు వాటిని త్రాటికి గ్రుచ్చి ధరించిరన్నమాట. లోకమును వణికించిన కైసరు ఒక ఆడబిడ్డ మెడలో పూసయైపోయెను!

అయితే భూమిలో దొరికిన ఆ కుండలను గురించి ఒక్కసారి తలంచుడి. దాచినవాడు తిరిగివచ్చి త్రవ్వుకొనియుంటే అవి మనకు దొరకవు. ప్రతి నిక్షేపము వెనుకను తిరిగిరాని ఒక మనిషి ఉన్నాడు. ధనము ఎక్కడనో హృదయమును అక్కడనే యుండునని ప్రభువు హెచ్చరించినది ఇందుకే.

సేకరించు అలవాటుగల యౌవనస్థులకు ఒక మాట. భూమిలో దొరికిన నిక్షేపము పది రూపాయల విలువకు మించినయెడల కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. రహస్యముగా త్రవ్వినదానిని చౌకగా కొని సంతోషించువాడు, డేరాలో దాచిన ఆకానును జ్ఞాపకము చేసికొనవలెను.

5. అరిగిన రూపము

రూకమీద కైసరు రూపమున్నది గనుక అది కైసరుది. మరి దేవుని రూపము దేనిమీదనున్నది? ఆదికాండము 1వ అధ్యాయము జవాబు చెప్పుచున్నది. ప్రభువు మాటలోని రెండవ సగము మనకు తగులవలసినది ఇక్కడనే. రూక కైసరుకు, మనిషి దేవునికి.

నాణెములు కొనువారికి ఒక అలవాటు కలదు. ముఖము స్పష్టముగానుంటే వెల హెచ్చు. ముక్కు, పెదవి, అక్షరములు అరిగిపోయియుంటే ఒక ప్రక్కకు తోసివేయుదురు. మనము మనుష్యులను కూడ ఇట్లే తూచుచున్నాము. చదువుకున్నవాడు, మంచిబట్టలు కట్టినవాడు, చందా ఎక్కువ ఇచ్చువాడు ముందు వరుసలోనికి. తాగుడుతో అరిగినవాడు, అప్పులతో అణగినవాడు, చెడ్డపేరు తెచ్చుకొన్న ఆడుబిడ్డ గుమ్మమునొద్దకు. లూకా 15వ అధ్యాయములోని స్త్రీ అట్లు చేయలేదు. పోయిన నాణెముకొరకు ఆమె దీపము వెలిగించి ఇల్లంతయు ఊడ్చెను. అది అరిగినదా మెరయుచున్నదా అని అడుగలేదు. అది తనది, అంతే.

మట్టి పట్టిన పాత నాణెమును ఎట్లు శుభ్రపరతురని పంతులుగారిని అడిగితిమి. “గీకకూడదండి. గీకితే మట్టితోపాటు ముఖమూ పోతుంది. స్వచ్ఛమైన నీళ్లలో వారాల తరబడి నాననిచ్చి, నీళ్లు మారుస్తూ ఉండాలి. ఓర్పు కావాలి” అనెను. ప్రియులారా, ఒక్క ఆదివారపు గద్దింపుతో తోటివిశ్వాసిని గీకి మెరుగుపెట్టవలెనని చూచు మనము ఈ మాట వినవలెను. క్రీస్తులో మనలను సృష్టికర్త పోలికచొప్పున నూతనపరచువాడు (కొలొస్సయులకు 3:10) ఎంత ఓర్పుగలవాడో మన బ్రదుకులే సాక్ష్యము.

ఇప్పుడు సహోదరి ప్రశ్నకు మా జవాబు. అమ్మా, ఆ నాణెములు విగ్రహములు కావు. వాటిని చూచి నీవు భయపడనక్కరలేదు. అయినను నీవు అడిగినది సరియైన ప్రశ్న. పంతులుగారూ, మీ జ్ఞానము నిజమే. కాని బలహీనమైన మనస్సాక్షి గలవారికి అభ్యంతరము కలుగునట్లయితే మాంసమునైనను మానివేసెదనని పౌలు నిశ్చయించుకొనెను. ఆమె యెదుట నవ్వకుండవలసినది.

ఈ మాట ఆయనకు చెప్పుటకు ముందే ఆయన ఆమె యింటికి వెళ్లి, ఆ నెల సంగతి దాచకుండ చెప్పి, క్షమాపణ వేడుకొని, తొమ్మిది వేలను సంఘపు సహాయనిధిలో వేసియుండెను. ఆమె ఏడ్చి, ఆయన పాదములకు నమస్కరింపబోగా ఆయన పట్టి లేపెనట. పెట్టెను ఏమి చేయవలెనో ఆయన ఇంకను తీర్మానించుకొనలేదు. మేమును ఆజ్ఞ ఇయ్యలేదు. ఆమెకు ఇష్టమైన దినమున ఆ నాణెములను ఎదుట పెట్టుకొని మార్కు 12వ అధ్యాయమును ఆమెతో కలిసి చదువవలెనని ఆయన కోరిక.

ఈ నెలలో మనమును మన మన పెట్టెలను, లెక్కపుస్తకములను తెరచి చూచుకొందము. రూకలపై ఎవరి రూపమున్నదని కాదు, వాటిని పట్టుకొన్న చేతులు ఎవరివని అడుగుకొందము.

ప్రార్థన: మమ్మును నీ పోలికెలో చేసిన తండ్రీ, మేము అరిగిపోయితిమి, మా పైవ్రాత చెరిగిపోయినది. అయినను మేము నీవారమే. దీపము వెలిగించి మమ్మును వెదకుము. మా సహోదరుల ముఖములలో నీ రూపమును గుర్తుపట్టు కన్నులను మాకు దయచేయుము. నీకు చెల్లవలసినది నీకే చెల్లించు హృదయమును మాకిమ్ము. నీ కుమారుడైన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్‌.